బంతి విసరు బాలుని మోచేయి



నేడు నేను చెప్పబోవు ఆట మన గ్రామములలో ఆడునది కాదు. దాని పేరు బేస్‌బాలు. అది అమెరికా దేశపు ఆట. జపానునందును దానికి మిక్కిలి ప్రచారము కలదు. మనకు చెడుగుడు, బిళ్ళంగోడు ఉండగా సముద్రముల కవతలి ఆటను గూర్చి ఈ ముసలివాడు చెప్పుట యెందుకని మీరనుకొనవచ్చును. అందుకు రెండు కారణములు కలవు. మొదటిది, మీలో పలువురి మనుమలు ఇప్పుడా దేశమున పెరుగుచున్నారు. మీరు వారిని చూడబోయినప్పుడు, సాయంకాలము పచ్చికబయలులో, ఒక చేతికి పెద్ద తోలు తొడుగు వేసికొని బంతి పట్టుచు మీ మనుమడు కనబడవచ్చును. రెండవ కారణము నా సొంతము. దానిని కొంచెము తరువాత చెప్పెదను. చెప్పుటకు సిగ్గుగా నున్నది గనుక ముందు ఆట సంగతి కానిండు.

నేను 31 సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో డ్రిల్లు మాస్టరుగా నుంటిని. వైద్యుడను కాను. వైద్యులు చెప్పగా వినినది, గ్రంథములలో చదివినది, కన్నులార చూచినది మాత్రమే చెప్పెదను.

బేస్‌బాలులో ఒకడు బంతి విసరును; ఎదుట నొకడు కఱ్ఱతో కొట్టును. ఇంతవఱకు క్రికెట్టు చూచిన మీకు కొత్త లేదు. భేదమెక్కడ ననగా, క్రికెట్టులో బౌలరు పరుగెత్తి వచ్చి, విసరునట్లు మోచేయి మడిచి చాపక, చేతిని చక్రమువలె త్రిప్పి బంతి వేయవలెను. బేస్‌బాలులో బంతి విసరువానిని పిచ్చరందురు. ఆ మాటలో పిచ్చి యున్నను పని పిచ్చిది కాదు. అతడు పరుగెత్తడు. పెద్దల ఆటలో పది అంగుళముల ఎత్తుండు మట్టిదిబ్బమీద నిలిచి, ఒక్క పెద్ద అడుగు ముందుకు వేసి, మోచేయి మడిచి, మనము మామిడికాయకు రాయి విసరినట్లు సూటిగా విసరును. బంతి బరువు మన పాత లెక్కలో పండ్రెండు తులములకు కొంచెము పైన. పెద్దలు 60 అడుగుల 6 అంగుళముల దూరము నుండి విసరుదురు. పండ్రెండేండ్ల లోపు పిల్లలు 46 అడుగుల నుండి.

ఆట యంతయు ఈ యొక్కని చేతిమీద నడచును. జట్టులో తొమ్మండుగు రుందురు గాని, పిచ్చరు మంచివాడైనచో తక్కినవారు చేతులు కట్టుకొని నిలిచినను గెలుపు వచ్చును. కావున పదిమంది పిల్లలలో ఒకడు గట్టిగా విసరువాడు కనబడెనా, ఇక ప్రతి ఆటకు వానినే పిలుతురు. ఊరిలో మంచి దుక్కిటెద్దు ఒకటే యున్నప్పుడు దానిని ప్రతివాడును ఎరువడుగునట్లు.

విసరుటలోని కీలు ఏదియో చూతము. జొన్నచేలలో మంచె నెక్కి వడిసెల త్రిప్పి పిట్టలను తోలినవారు మీలో ననేకులుందురు. రాయి చేతి బలమున పోవునని చూచువారనుకొందురు. త్రిప్పినవారికి అది పాదముల బలమని తెలియును. మంచెమీద కాలు నిలదొక్కుకొనక త్రిప్పినవాని భుజము సాయంకాలమునకు పట్టుకొనిపోవును. చెర్నాకోలయు నంతియే. పిడి పట్టిన చేయి కదలునది జానెడు; ఆ కదలిక త్రాటివెంట ప్రాకుచు, త్రాడు సన్నబడినకొలది వడి హెచ్చి, కొసకు వచ్చునప్పటికి తుపాకివలె మ్రోగును. విసరువాని శరీరమున పిడి కాళ్ళును నడుమును, త్రాడు వెన్నును భుజమును, కొస వ్రేళ్ళు.

కుడిచేతివాటపు పిచ్చరు ఎడమకాలు ముందుకు సాచి నేలకు ఊనును. ఊనినతోడనే నడుము తిరుగవలెను. దాని వెనుక ఱొమ్ము, ఱొమ్ము వెనుక భుజము, ఆపై మోచేయి, తుదకు మణికట్టు. ఇవి యొకదాని వెనుక నొకటి రావలెను గాని అన్నియు నొక్కసారి రాకూడదు. కాలు ఊనునప్పటికి చేయి పైకి లేచి సిద్ధముగా నుండవలెను. ఆలస్యమైనచో ఱొమ్ము ముందుకు పోయి, చేయి వెనుక చిక్కుకొని, కాళ్ళును నడుమును చేయవలసిన పని మోచేయిపై పడును. పిల్లలలో ఇది తఱుచుగా కనబడు లోపము. వారికి కాళ్ళ బలము తక్కువ; ఆశ ఎక్కువ; కావున చేతితోనే అంతయు సాధింపజూతురు.

విసరుటకు ముందు భుజము వెనుకకు తిరిగి, ముంజేయి వీపు వెనుకకు దాదాపు పడుకొనునంత వాలును. అక్కడినుండి తటాలున ముందుకు వచ్చును. అమెరికాలోని అలబామా రాష్ట్రమున, బర్మింగ్‌హామ్ పట్టణమునందు, జేమ్స్ ఆండ్రూస్ అను శస్త్రవైద్యుడు 1987లో ఒక పరిశోధనాలయమును స్థాపించెను. అందలివారు వేగముగల కెమేరాలతో ఈ విసరును కొలిచిరి. పెద్ద ఆటగాని భుజము తిరుగు వడి సెకండునకు సుమారు 7,000 డిగ్రీలు. అనగా ఆ వడి ఒక్క సెకండు నిలిచినచో చేయి పందొమ్మిది చుట్లు తిరుగును. నిలువదు, ఱెప్పపాటు కన్న తక్కువ కాలమున ముగిసిపోవును.

ఆ క్షణమున మోచేతి లోపలివైపు విచ్చుకొనజూచును. వెలుపలివైపున ఎముకలు ఒకదాని నొకటి నొక్కుకొనును. లోపలివైపు విచ్చిపోకుండ పట్టియుంచునది ఎముకను ఎముకతో కట్టు చిన్న బంధనము, మన వ్రేలి వెడల్పున కన్న హెచ్చు కాదు. పెద్ద పిచ్చరు మోచేతికి తగులు మెలి బలమెంత యనగా, ఒక మీటరు పొడవు కఱ్ఱ కొసను ఆఱున్నర కిలోల బరువు వ్రేలాడగట్టి, ఆ కఱ్ఱ మొదలును మోచేతికి ప్రక్కవాటముగా బిగించినంత. మృతదేహములనుండి ఆ బంధనమును తీసి పరీక్షించినప్పుడు అందులో సుమారు సగము బలమునకే అది తెగిపోయినది. మఱి బ్రదికియున్నవానికి ప్రతి విసరునందును ఏల తెగదు? ముంజేతి కండలు బిగిసి సగము భారమును తాము మోయుచున్నవి గనుక. ఇచ్చట కొంచెము ఆగి యోచింపుడు. కండలు అలసినచో ఆ భారమెవరిమీద పడును? తక్కిన సంగతి యంతయు ఈ ప్రశ్నలోనే యున్నది.

ఇంతవఱకు చెప్పినది పెద్దవాని చేయి. పిల్లవానిది వేఱు. పిల్లవాని ఎముక యంతయు ఎముక కాదు. కొసలయందు, పెరుగుచోట, లేత ఎముక యుండును. దానిని మృదులాస్థి యందురు. మోచేతి లోపలివైపున చేతికి తగులు బుడిపె, మగపిల్లలకు సుమారు 15 మొదలు 17 ఏండ్ల వయసున గాని తక్కిన ఎముకతో పూర్తిగా అతుకుకొనదు. అంతవఱకు అది పచ్చిగోడకు దిగగొట్టిన మేకు వంటిది. త్రాడు గట్టిదే, లాగినప్పుడు త్రాడు తెగదు, మేకు ఊడివచ్చును. పెద్దవానికి బంధనము తెగుచోట పిల్లవానికి లేత ఎముక విచ్చును. ఇట్లు చెడిన పిల్లల మోచేతులను ఎక్సురేలలో చూచి, 1960లో బ్రాగ్‌డన్, క్రో అను ఇద్దరు అమెరికా వైద్యులు దానికి ‘లిటిల్ లీగరు మోచేయి’ యని పేరు పెట్టిరి. లిటిల్ లీగు అనునది పిల్లల బేస్‌బాలు సంఘము. పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్టులో 1939లో మొదలైనది.

రెండు పండ్లు వేయని కోడెను బరువు బండికి కట్టు రైతు మన ఊళ్ళలో లేడు. కట్టినచో ఏమగునో రైతునకు తెలియును. నేనును రైతు బిడ్డనే. అయినను అట్టి పని చేసితిని. ఇదియే నేను మొదట వాయిదా వేసిన సంగతి.

1986లో నేను పనిచేయు పాఠశాలలో పదమూడేండ్ల పిల్లవాడొకడుండెను. ఆ కాలమున పాఠశాలల పోటీలలో క్రికెట్టు బంతిని దూరముగా విసరు పందెమొకటి యుండెడిది. వాడు బక్కపలచని పిల్లవాడు గాని చేయి వడిసెల. నాకు కప్పుమీద ఆశ పుట్టినది. ప్రతి సాయంకాలము బడి వదలిన పిమ్మట వానిచేత అఱువది, డెబ్బది విసరులు వేయించెడివాడను, ఒక్కొక్కటియు పూర్తి బలముతో. ఆదివారము కూడ మానలేదు. మూడవ వారమున వాడు మోచేయి పట్టుకొని వచ్చి, “మాస్టారూ, లోపల లాగుచున్నదండీ” యనెను. నేను నొప్పి తైలము రాచి, “మగపిల్లవాడవు, ఇంతమాత్రమునకేనా?” యంటిని. వాడు మఱి మాటాడలేదు. పందెమున మొదటి బహుమతి వాడే గెలిచెను. కప్పు నేటికిని ఆ పాఠశాల బీరువాలో నున్నది. వాని కుడిచేయి మాత్రము తరువాత ఎన్నడును పూర్తిగా చాపుకొనలేదు; ఎంత చాచినను మోచేతివద్ద కొడవలివలె వంపు మిగిలియుండును. వాడిప్పుడు సేద్యము చేసికొనుచున్నాడు. త్రోవలో కనబడినప్పుడు రెండు చేతులు జోడించును. ఆ చేతులు జోడించునప్పుడు నా చూపు ముఖముమీద నిలువదు.

తెలియక చేసితినని చాలకాలము నాకు నేను చెప్పుకొంటిని. అందు సగమే నిజము. లేత ఎముక సంగతి నాకు తెలియదు, నిజమే. కాని పిల్లవాడు నోరు తెఱచి చెప్పెను, నేను వినలేదు. అది తెలియమి క్రిందికి రాదు.

2022 వేసవిలో మా అమ్మాయి యింటికి, టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగర సమీపమునకు, నేనును నా భార్యయు పోయితిమి. మనుమనికి పదునొకండేండ్లు. వచ్చిన నాల్గవనాటి రాత్రి భోజనమువద్ద వాడు ఎడమచేతితో పప్పన్నము తినుచుండెను. వాని అమ్మమ్మ, “అదేమి అలవాటురా, కుడిచేయి ఏమైనది?” యని కేకలు వేసినది. వాడు తలవంచుకొని, “ఊరకే, అమ్మమ్మా” యనెను. నాకు ముద్ద దిగలేదు. లేచి వానిప్రక్కకు పోయి మోచేతి లోపలి బుడిపెమీద బొటనవ్రేలితో మెల్లగా నొక్కితిని. వాడు చేయి లాగుకొనెను.

శనివారము వానికి పెద్ద పోటీ యున్నది. అల్లుడుగారు మంచివారు, పిల్లవానికొఱకు ప్రొద్దుననక రాత్రియనక కారు నడుపువారు. “రెండు దినములు మంచు పెట్టిన తగ్గును మామయ్యగారూ, వాడు లేక జట్టు నిలువదు” అనిరి. మామగారు అల్లుని యింట మాట పెంచుట మన యాచారము కాదు. అయినను ఆ రాత్రి కప్పు గెలిచిన పిల్లవాని కథ మొదటిసారిగా నా యింటివారికి చెప్పితిని. నా భార్యకు కూడ అదివఱకు తెలియదు. మఱునాడే వైద్యునివద్దకు పోయితిమి.

ఆ వైద్యుడు రెండు మోచేతులకును ఎక్సురేలు తీయించి ప్రక్కప్రక్కన పెట్టి చూపెను. కుడివైపున బుడిపెకును ఎముకకును నడుమ సందు ఎడమవైపున కన్న కొంచెము వెడల్పుగా నుండెను. ఊడలేదు, ఊడుటకు త్రోవలో నున్నది. ఆఱు వారములు బంతి ముట్టవలదనెను. తరువాత, “వారమునకు ఎన్ని విసరులు?” అని యడిగెను. అల్లుడుగారు శనివారపు జట్టు లెక్క చెప్పిరి: డెబ్బది. వైద్యుడు, “వేఱొక జట్టు కలదా?” యనెను. కలదు; ఆదివారము అఱువది. ఏ శిక్షకుడును తన హద్దు దాటలేదు. రెండింటిని కూడినవారు మాత్రము ఎవరును లేరు.

ఆ హద్దులేవో చెప్పవలెను. లిటిల్ లీగువారు పూర్వము ఇన్నింగ్సుల లెక్క పెట్టెడివారు. 2007 నుండి విసరుల లెక్కకు మాఱిరి. ఏడెనిమిదేండ్లవారు దినమునకు 50కి, తొమ్మిది పదేండ్లవారు 75కి, పదునొకండు పండ్రెండేండ్లవారు 85కి మించి విసరరాదు. లెక్కకన్న ముఖ్యమైనది విశ్రాంతి. పదునాలుగేండ్ల లోపువాడు ఒక దినమున 66 గాని అంతకు మించి గాని విసరినచో, నాలుగు దినముల పాటు మఱల పిచ్చరుగా నిలువరాదు. 20 లోపున నిలిపినచో విశ్రాంతి అవసరము లేదు. నడుమ లెక్కలకు ఒకటి, రెండు, మూడు దినములు. మా మనుమడు శనివారము డెబ్బది విసరి ఆదివారము తిరిగి దిబ్బ నెక్కుచుండెను. 2014లో అమెరికాలోని వృత్తిక్రీడాకారుల సంఘమైన మేజర్ లీగువారును, అమెరికా బేస్‌బాలు సంస్థవారును కలిసి మఱొక సలహా ఇచ్చిరి: సంవత్సరమునకు కనీసము నాలుగు నెలలు బంతి విసరుట మానవలెను, అందు రెండు మూడు నెలలు ఎడతెగకుండ. భూమికి మనము బీడు పెట్టునట్లే.

లెక్కలు ఊరక పుట్టలేదు. 2006లో ప్రకటింపబడిన యొక పరిశోధనయందు, చేతికి శస్త్రచికిత్స చేయించుకొన్న 95 మంది కుఱ్ఱ పిచ్చర్లను, ఏ బాధయు లేని 45 మందితో పోల్చి చూచిరి. సంవత్సరమునకు 8 నెలలకు మించి ఆడినవారికి ఆ గతి పట్టుటకు అవకాశము 5 రెట్లు. ఒక ఆటలో 80కి మించి విసరువారికి 4 రెట్లు. చేయి అలసినను ఆపక తఱుచుగా విసరుచుండినవారికి 36 రెట్లు. నేను తప్పు చదువలేదు, ముప్పదియాఱే. 2011లో వెలువడిన వేఱొక పరిశోధనలో 481 మంది పిల్లలను పదేండ్లు వెంబడించి చూడగా, ఏడాదికి 100 ఇన్నింగ్సులకు మించి విసరినవారు చేయి చెడుటలో తక్కినవారికి మూడున్నర రెట్లుండిరి. వంపుగా పోవు బంతి విసరుట పిల్లల చేతికి విషమని అమెరికాలో తండ్రులు చాలకాలము నమ్మిరి. కొలిచి చూడగా, సూటిగా బలముగా విసరు బంతియే మోచేతిమీద అంత భారమో, అంతకు హెచ్చో వేయునని తేలినది. ఐనను ముందు సూటిబంతి నేర్చిన పిమ్మటనే వంపుబంతి నేర్పుమని వైద్యులు చెప్పుదురు. పెద్దల భయము వంపుమీద నుండగా, చేతిని చెడగొట్టినది సంఖ్య.

అలసటను ముందుగా ఎట్లు కనిపెట్టుట? దీనికి యంత్రము లక్కఱలేదు. పశువును చూచి ఆకలి చెప్పగల కన్ను చాలును. అలసిన పిల్లవాని మోచేయి భుజపు మట్టమునకు క్రిందుగా జాఱును. బంతి గుఱి తప్పి పైపైకి పోవును. విసరునకు విసరునకు నడుమ కాలము పెరుగును. వాడు చొక్కా సవరించుకొనును, బూటు లేసు ముడి విప్పి కట్టుకొనును, భుజము విదిలించుకొనును. అడిగినచో “బాగున్నాను” అనును. పదునొకండేండ్లవాడు పదిమంది యెదుట మఱేమనును? కావున వానిని అడుగుటకన్న చూచుట మేలు. మఱియు పిచ్చరుగా నిలిచినవానిని దించి, వెంటనే కఱ్ఱవాని వెనుక బంతి పట్టు కీపరుగా కూర్చుండబెట్టుటయు మోసమే. ఆ పనిలోను ప్రతి బంతిని తిరిగి విసరవలసియుండును. లిటిల్ లీగువారు 41 గాని అంతకు మించి గాని విసరినవానిని ఆ దినమున ఆ పనికి పెట్టరాదనిరి.

తెగినచో కుట్టించుకొనవచ్చును గదా యనువారును కలరు. 1974లో లాస్ ఏంజెల్సు డాడ్జర్సు జట్టున ఎడమచేతి పిచ్చరైన టామీ జాన్‌కు మోచేతి బంధనము తెగెను. అంతవఱకు అట్టి గాయముతో పిచ్చరు బ్రదుకు ముగిసినట్లే. ఫ్రాంక్ జోబ్ అను వైద్యుడు అతని కుడి ముంజేతినుండి సన్నని స్నాయువు నొకదానిని తీసి, ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రములు చేసి, నులకమంచము అల్లినట్లు అల్లెను. టామీ జాన్ 1976లో తిరిగి వచ్చి 1989 వఱకు ఆడెను. చికిత్స తరువాతనే 164 ఆటలు గెలిచెను. ఆ చికిత్సకు అతని పేరే నిలిచినది. దీనినిబట్టి, శస్త్రము చేయించినచో చేయి మునుపటికన్న బలపడునని నమ్ము తల్లిదండ్రులును బయలుదేరిరి. అది నిజము కాదు. తిరిగి ఆడుటకు ఏడాదికి పైగా పట్టును. అందఱును తిరిగి రారు. వచ్చినవారిలో కొందఱికి మఱల తెగును. అతికిన కుండ నీళ్ళు పట్టును గాని కొత్తకుండ కాదు.

జపాను సంగతి చెప్పి ముగించెదను. అక్కడ ఉన్నత పాఠశాలల పోటీ కోషియెన్ అను మైదానమున జరుగును. దేశమంతయు పండుగవలె చూచును. 1998లో యొకొహామా పాఠశాల పిల్లవాడు దైసుకె మత్సుజాకా ఒక్క ఆటలో 17 ఇన్నింగ్సులు, 250 విసరులు విసరెను. దేశము వానిని వీరుడని మెచ్చెను. 2011లో అతనికి మోచేతి శస్త్రచికిత్స జరిగెను. ఆ విసరులే కారణమని ఒక్క గీత గీసి చెప్పలేము గాని, అట్టి మెప్పులో పెరిగిన పిల్లలు నొప్పి యని నోరు తెఱచుట కష్టము.

2019 జులైలో ఇవాతె ప్రాంతమున ఒఫునాతొ పాఠశాల తుదియాటకు వచ్చినది. గెలిచినచో 35 ఏండ్ల పిమ్మట కోషియెన్ చేరును. ఆ జట్టు పిచ్చరు రోకి ససాకి. గంటకు 163 కిలోమీటర్ల వడిని విసరగల పదునేడేండ్ల కుఱ్ఱవాడు. నాలుగవ సుత్తున 194 విసరులు విసరెను. తుదియాటకు ముందునాడు 129. తుదియాటనాడు శిక్షకుడు కొకుబొ వానిని దిబ్బ నెక్కింపలేదు. ఆట యంతయు కుఱ్ఱవాడు ప్రక్కన కూర్చుండెను. జట్టు 12–2 తేడాతో ఓడెను. పాఠశాలకు ఫోనులమీద ఫోనులు వచ్చినవి. కోపగించి తిట్టినవారు ఎందఱో. శిక్షకుడు చెప్పినది, గాయమును నివారించుటకే యని. ఆ సంవత్సరపు తుదినే జపాను పాఠశాలల సంఘమువారు పిచ్చరునకు వారమునకు 500 విసరులని హద్దు నిశ్చయించి, 2020 నుండి అమలునకు తెచ్చిరి.

2022 ఏప్రిల్ 10న అదే ససాకి, ఇరువదేండ్ల వయసున, చిబా లొత్తె జట్టు పక్షమున, ఎదుటికి వచ్చిన 27 మందిలో ఒక్కని నైనను స్థానము చేరనీయలేదు. అందు 19 మందిని తానే బంతితో మాయచేసి పంపెను. జపాను వృత్తిక్రీడలో 28 ఏండ్లుగా అట్టి ఆట ఎవరును ఆడలేదు. తరువాతి వారము ఎనిమిది ఇన్నింగ్సులు అట్లే విసరియుండగా, 102 విసరులైనవని ఆ జట్టు యజమానులు నియమించిన శిక్షకుడు దింపివేసెను. ససాకి చేయి ఇక చెడదని నే ననను. 2025లో అమెరికాలో ఆడుచు భుజపు బాధతో కొన్ని నెలలు మానవలసి వచ్చెను. పదునేడవ ఏట ఓడిన ఆ యొక్క ఆట వలన నేమి మిగిలినదో తూచుటకు మన వద్ద త్రాసు లేదు. ఆ శిక్షకుని స్థానమున నేనుండినచో 1986లో ఏమి చేసితినో అదియే చేసియుందును. ఆ మాట మాత్రము నిశ్చయముగా చెప్పగలను.

మా మనుమడు ఆఱు వారములు బంతి ముట్టలేదు. మొదటి వారము నాతో మాటాడనును లేదు. తరువాత నేను వానికి గోడమీద చేయి ఊని నడుము త్రిప్పుట, ఒంటికాలిమీద నిలుచుట నేర్పితిని; డ్రిల్లు మాస్టరుకు పని దొరికినది. ఎక్సురేలో సందు పూడిన పిమ్మట, మొదట ముప్పది అడుగులనుండి మెల్లగా, క్రమముగా పెంచుచు విసరుట మొదలుపెట్టెను. ఆదివారపు జట్టు మానిపించిరి. వాడు మఱల దిబ్బ నెక్కిననాడు నేను కుడి జేబులో వేరుసెనగగింజలు ఏబది పోసికొని కూర్చుండి, విసరున కొకటి చొప్పున ఎడమ జేబులోనికి మార్చుచుంటిని. ఉద్రేకమున నాలుగు తినివేసితిని గనుక నా లెక్క తప్పినది. నా ప్రక్కన కూర్చున్న అల్లుడుగారు కాగితముమీద గీతలు పెట్టుచు, “నలుబది యెనిమిది, మామయ్యగారూ” యని, లేచి శిక్షకునివద్దకు పోయిరి.

తిరిగి వచ్చిన యేడు సంక్రాంతికి, ఆ పాత విద్యార్థి యింటికి నేనే పోయితిని. అంతకుముందు ఎన్నడు పోలేదు. పోయిన పని చెప్పుటకు నాకు నోరు రాలేదు. మాటలలో వాని పండ్రెండేండ్ల కొడుకు చెఱువు గట్టున క్రికెట్టు ఆడుచు, ప్రొద్దుటినుండి సాయంకాలము వఱకు పరుగెత్తి బంతి వేయునని తెలిసినది. క్రికెట్టు బౌలరునకు మోచేతికన్న ముందు నడుము చెడును. వెన్నెముక క్రిందిభాగమున సన్నని పగులు పట్టును. ఇంగ్లండు క్రికెట్టు బోర్డువారు పదమూడేండ్ల లోపు వేగపు బౌలర్లకు ఒక విడతలో 5 ఓవర్లు, దినమునకు 10 ఓవర్లు హద్దుగా పెట్టిరి. అది చెప్పితిని. “కాగితముమీద వ్రాసి ఈయండి మాస్టారూ, వాడు నా మాట వినడు, మీ వ్రాత చూపెదను” అనెను. వ్రాసి యిచ్చితిని: విడతకు 30 బంతులు, దినమునకు 60. వాడా కాగితమును వంగిన చేతితో అందుకొని, వెలుతురునకు పట్టి చదివి, “ఇంతేనా మాస్టారూ? మనము సాయంకాలమున కొక్కటికే డెబ్బది వేసెడివారము గదా” యని నవ్వెను.